డైస్ అనని మాట

బొగ్గు రాక్షసుడి కోట లోపలి గోడ మీద, సగం ఎత్తులో సాయిచంద్ ఆగాడు. కింద మంటల కందకం. పైన కాపలా గబ్బిలాలు. చేతిలో ఉన్నది ఒకే ఒక తాడు.

"పైన ఇనుప కొక్కెం ఉన్నది గద, దానికి తాడు ముడేస్త. పట్టుకొని ఎక్కుత," అన్నాడు.

"డైస్ వెయ్యి," అంది షారోన్.

అది ఆదివారం మధ్యాహ్నం. సుల్తానాబాద్‌లో చర్చి వెనక వరండా. నిజానికి అక్కడ కోటా లేదు, కందకమూ లేదు. ఆవరణ నిండా ఎండబోసిన వడ్లు ఉన్నాయి. వాటి కోసం దిగే పిచ్చుకలున్నాయి. పాస్టరు గారిని అడిగి ఆ వడ్లు పోయించిన షారోన్ నానమ్మ మగ్దలేనమ్మ కుర్చీలో కూర్చుని, చేతికర్రతో పిచ్చుకలను అదిలిస్తోంది. మిగిలిందంతా షారోన్ మాటల్లో ఉంది.

షారోన్ ఏడో తరగతి. కథ చెప్పడం మొదలుపెడితే కరెంటు పోయినా ఎవరూ లేచేవాళ్లు కాదు. దసరా సెలవులకు ఇంటికి వచ్చిన ఆమె అన్న ప్రేమ్‌చంద్ ఈ ఆట నేర్పాడు. అతను హైదరాబాద్‌లో చదువుతున్నాడు. వెళ్తూ వెళ్తూ ఇరవై ముఖాలున్న నీలం డైస్ ఒకటి చెల్లెలి చేతిలో పెట్టాడు.

ఆట తేలికే. ఒకరు కథ నడపాలి. మిగిలినవాళ్లు కథలో తలా ఒక వీరుడు. కష్టం ఎదురైనప్పుడు తన వీరుడు ఏం చేస్తాడో చెప్పి డైస్ వేయాలి. పడిన అంకెకు ఆ వీరుడి బలం కలపాలి. ఎంత వస్తే గెలుపో కథ నడిపేవాళ్లు ముందే చెబుతారు. అంత వస్తే పని అవుతుంది. రాకపోతే కాదు.

అన్నిటికన్నా షారోన్‌కు ఇష్టమైన రూలు వేరే ఉంది. ఇరవై పడిందా, లెక్కలు వద్దు. ఏం చేసినా గెలుపే. ఒకటి పడిందా, అప్పుడూ లెక్కలు వద్దు. ఏం చేసినా ఓటమే.

ఆ రూలు కొన్నిసార్లు తననే ముంచేది. పోయిన ఆదివారం ఆమె చిన్నాయన కొడుకు బెంజమిన్ కోట బయటి తలుపును చిటికెన వేలితో నెడతానన్నాడు. వాడి వీరుడు పహిల్వానే, కాని ఆ తలుపు ఏనుగులు కూడా కదపలేనిది. దాన్ని తెరవడానికి షారోన్ వారమంతా కూర్చుని ఒక పొడుపుకథ అల్లింది. బెంజమిన్ డైస్ వేశాడు. ఇరవై. తలుపు అప్పడంలా విరిగి పడింది. పొడుపుకథ షారోన్ కడుపులోనే ఉండిపోయింది. అయినా రూలు రూలే అనుకుంది.

ఇప్పుడు సాయిచంద్ వంతు. అతని వీరుడి పేరు తాళ్ల వీరుడు. తాడుతో ఏ పని చేసినా తొమ్మిది బలం. ముడి పడటానికి అయిదు వస్తే చాలని షారోన్ ముందే చెప్పింది. బెంజమిన్ పహిల్వాన్, బాణాల వీరురాలు నవ్యశ్రీ అప్పటికే గోడ పైకి చేరారు. నవ్యశ్రీ అయితే అవతల ఏముంటుందో ఊహించడం కూడా మొదలుపెట్టింది.

సాయిచంద్ డైస్ వేశాడు. అది గచ్చు మీద దొర్లి, ఒక వడ్లగింజకు తగిలి ఆగింది.

ఒకటి.

షారోన్ లేచి నిలబడింది. ఇలాంటి క్షణం కోసమే ఆమె కథలు చెప్పేది. గొంతు తగ్గించింది.

"ముడి పడ్డదనుకున్నడు తాళ్ల వీరుడు. కాలు లేపిండు. బరువంత తాడు మీదేసిండు. గప్పుడు ముడి మెల్లగ... జారింది. ఒక్క చప్పుడు. ఒక్క కేక. మంటలు పైకి లేచి మల్ల కిందికి పోయినయ్. గంతే. తాళ్ల వీరుడు లేడు."

బెంజమిన్ ముందు నోరు తెరిచాడు. తర్వాత పగలబడి నవ్వాడు. "తాళ్ల వీరుడు ముడేసుడు రాక సచ్చిండు!"

నవ్యశ్రీకి కూడా నవ్వు ఆగలేదు.

సాయిచంద్ నవ్వలేదు. "ఒకటి, తొమ్మిది కలిపితె పది. అయిదు చాలన్నవ్," అన్నాడు.

"ఒకటి పడితె లెక్కలు లెవ్వు. రూలు."

"ఫెయిలయిన అను. ముడి జారిందని ఎందుకంటున్నవ్? నేనేసిన ముడి జారది."

"నీది కాదు, నీ వీరునిది."

"వాడు ముడెట్లేస్తడో నాకు తెలుసు. నేనేసినట్టే ఏస్తడు."

"నన్నేం జెయ్యమంటవ్?" షారోన్ చేతులు చాచింది. "నేనన్ననా? డైస్ అన్నది."

సాయిచంద్ డైస్ వంక చూశాడు. తర్వాత ఆమె వంక చూశాడు. తన వీరుడి బొమ్మ గీసుకున్న అట్టముక్కను గచ్చు మీద బోర్లించి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

మగ్దలేనమ్మ గారెల గిన్నె తెరుస్తూ తలెత్తింది. "గా పిల్లగాడు గారెలు తినకుంటనె పోయిండేంది?"

"వాని మనిషి చచ్చిపోయిండు నానమ్మా."

"అయ్యో దేవా. ఎవలు బిడ్డా?"

"ఆటల."

నానమ్మ ఒక్క నిమిషం ఆలోచించింది. "ఆటల సస్తె ఆకలి గాదా?" అంటూ రెండు గారెలు పక్కకు తీసి మూత పెట్టింది.

*

సోమవారం బడిలో సాయిచంద్ బల్ల మారాడు.

ఒకటో తరగతి నుంచి షారోన్ పక్క వరుసలోనే కూర్చునేవాడు. లెక్కల్లో ఆమె తప్పితే పెన్సిలుతో బల్ల మీద కొట్టి చెప్పేవాడు. ఈరోజు వెనకాల కిటికీ దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. షారోన్ చూసింది. రేపటికల్లా వచ్చేస్తాడులే అనుకుంది.

ఆటల పీరియడులో అసలు సంగతి తెలిసింది.

వాలీబాల్ నెట్టు కట్టాల్సి వస్తే పీఈటీ సారు ఎప్పుడూ సాయిచంద్‌నే పిలుస్తాడు. ఎందుకంటే మిగిలినవాళ్లు కడితే నెట్టు ఆట మధ్యలో వాడిపోయిన పొట్లకాయ తీగలా వేలాడుతుంది. సాయిచంద్ కడితే సాయంత్రం విప్పడానికి మళ్లీ సాయిచందే కావాలి. ఆరోజు కూడా సారు పిలిచాడు. సాయిచంద్ తాడు అందుకుని స్తంభం దగ్గరికి నడిచాడు.

"సార్, జర పైలం. వాని ముడి జారుతది," అని వెనక నుంచి ఎవరో అరిచారు.

మైదానమంతా నవ్వింది. బెంజమిన్ ఉదయం నుంచి కోట కథను తరగతి తరగతికీ మోశాడని షారోన్‌కు అప్పుడే అర్థమైంది. వాడికి అందులో చెడు ఏమీ కనబడలేదు. మంచి కథ విన్నాడు, చెప్పాడు. కథ అల్లింది మాత్రం తను.

సాయిచంద్ తాడును స్తంభానికి చుట్టబోయి ఆగాడు. దాన్ని కింద పెట్టి, కడుపులో నొప్పిగా ఉందని సారుకు చెప్పి, చెట్టు కింద కూర్చున్నాడు. నెట్టును ఇంకో ఇద్దరు కట్టారు. అయిదు నిమిషాలకే అది కిందికి దిగింది.

షారోన్‌కు మాత్రం నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం అన్నకు ఫోన్ చేసింది. జరిగిందంతా చెప్పింది. సాయిచంద్‌కు కోపం వచ్చిందని, కాని రూలు ప్రకారం తప్పు తనది కాదని గట్టిగానే చెప్పింది.

ప్రేమ్‌చంద్ అంతా విన్నాడు. "ఇరవై పడితె గెలుపు, ఒకటి పడితె ఓటమి అన్న రూలు కత్తి దెబ్బకు, బాణం దెబ్బకు చెప్పిన గదనే," అన్నాడు. "కొట్లాటల ఎంత మొనగానిదైన ఒక దెబ్బ తప్పుతది. ఎంత చేతగానిదైన ఒక దెబ్బ తగుల్తది. నువ్వు దాన్ని అన్నిటికి పెట్టినవా?"

"అన్నిటికి."

"తలుపులకు? ముడులకు?"

"అన్నిటికి అన్న గద."

అన్న నవ్వాడు. చిటికెన వేలి తలుపు సంగతి విని ఇంకా నవ్వాడు. షారోన్‌కు మాత్రం ప్రాణం లేచివచ్చినట్టయింది. రూలే తప్పు. అంటే తాళ్ల వీరుడు బతికే ఉన్నాడు. సాయిచంద్‌తో ఈ ఒక్క మాట చెబితే చాలు. ఆదివారం అతను వస్తాడు. కథ సాగుతుంది.

*

మంగళవారం బడి అవగానే షారోన్ ఇంటికి పోయి సంచి పడేసింది. నానమ్మ గారెలు అయిపోయాయి గనుక, డబ్బాలో ఉన్న సకినాలు ఒక కాగితంలో చుట్టుకుని సాయిచంద్ వాళ్ల వీధికి నడిచింది.

ఆ వీధి ఎక్కడుందో కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. మరమగ్గాలను అక్కడ సాంచలు అంటారు. అవి నడుస్తుంటే టకాటకా టకాటకా అని నేలంతా అదురుతుంది. సాయిచంద్ ఇంటి ముందు గదిలో రెండు సాంచలున్నాయి. అతని తండ్రి కైలాసం వాటి మధ్య నిలబడి రెండింటినీ చూసుకుంటున్నాడు. గడప దగ్గర అతని తల్లి అనసూర్య కండెలకు నూలు చుడుతోంది. అరుగు మీద సాయిచంద్ హోంవర్కు చేస్తున్నాడు.

"తాళ్ల వీరుడు బతికిండు!" సాంచల చప్పుడు మీదుగా షారోన్ అరిచింది.

సాయిచంద్ తలెత్తాడు.

ఆమె దగ్గరికి వచ్చి అంతా చెప్పేసింది. రూలు కత్తులకే, ముడులకు కాదు. అన్ననే చెప్పాడు. ఒకటి, తొమ్మిది పది. సాయిచంద్ లెక్కే కరెక్టు. కాబట్టి వీరుడు చావలేదు. కాబట్టి ఆదివారం రావాలి.

ఇక అతను నవ్వుతాడని ఎదురుచూసింది.

"రూలు తప్పయింది, గందుకె బతికిన," అన్నాడు సాయిచంద్. "రూలు కరెక్టయితె?"

"అయితె..."

"అయితె ముడి జారినట్టే గద?"

షారోన్ చేతిలోని సకినాల పొట్లాన్ని అటూ ఇటూ తిప్పింది.

"నేను ఓడితె నాకు ఫికర్ లే," అన్నాడు అతను. పెన్సిలు చెక్కుతూ, తలెత్తకుండా అన్నాడు. "నవ్యశ్రీ బాణాలు ఎన్ని తప్పలే? డైస్ ఒకటి అన్నది. గంతే అన్నది. ముడి జారిందని డైస్ అన్లే. గా మాట నువ్వన్నవ్."

ఆదివారం నాడు తను చేతులు చాచి అన్నది షారోన్‌కు గుర్తొచ్చింది. నేనన్ననా, డైస్ అన్నది. ఎంత ధైర్యంగా అంది. ఆ నీలం ముక్క మీద ఒక గీత తప్ప ఏముంది? జారడం, కేక, మంటలు, అన్నీ తన నోటి నుంచే వచ్చాయి. వాటికి తను మురిసిపోయింది కూడా.

అంతలో టక్‌మని ఒక సాంచ ఆగిపోయింది.

చప్పుడు ఒక్కసారిగా సగమైంది. షారోన్ ఉలిక్కిపడింది. ఏదో విరిగిందనుకుంది. "ఖరాబయిందా కాకా?" అంది గడపలోంచి.

కైలాసం అప్పటికే సాంచ మీదికి వంగాడు. "ఖరాబేంది బిడ్డా. పోగు తెగింది."

"ఎవలు తెంపిండ్రు?"

"ఎవలు తెంపుతరు? నూలన్నంక తెగుతది. పోగు తెగంగనె సాంచ దానంతట అదే ఆగుతది. తెగిన కాడ కలుపుత, మల్ల నడుస్తది." అతను చిటికెలో ముడివేశాడు. చేయి పక్కకు జరిపి మీట లాగాడు. టకాటకా మళ్లీ మొదలైంది. "ఆగకుంటెనే పరేషాన్. గుడ్డంత పాడయితది."

షారోన్ కదలకుండా నిలబడి చూసింది. గుడ్డ సాగుతూనే ఉంది. తెగిన చోటు ఎక్కడో ఆమె కళ్లకు దొరకలేదు.

"నాకు గా ముడి చూపిస్తవా?" అని సాయిచంద్‌ను అడిగింది.

అతను వెంటనే కదల్లేదు. అనసూర్య కొడుకు వంక చూసి, కండె మీది నుంచి ఒక బారెడు పోగు తెంపి, దాన్ని రెండు ముక్కలు చేసి ఇచ్చింది. "చూపియ్యిరా. సకినాలు తెచ్చినట్టున్నది పిల్ల," అంది.

సాయిచంద్ రెండు కొసలను వేళ్ల మధ్య పట్టుకున్నాడు. వేళ్లు ఎటు కదిలాయో షారోన్‌కు కనబడలేదు. ముడి మాత్రం కనబడింది. ఆవగింజంత.

"గుంజు," అన్నాడు.

ఆమె మెల్లగా గుంజింది.

"గట్లనా గుంజుడు? గట్టిగ."

షారోన్ రెండు చేతులకూ చుట్టుకుని బలమంతా పెట్టి గుంజింది. పోగు తెగింది. కాని ముడి దగ్గర కాదు. ముడికి జానెడు దూరంలో, ఊరికే ఉన్న చోట తెగింది. ముడి అలాగే ఉంది, ఆవగింజంత.

ఆమె ఆ పోగు వంక చాలాసేపు చూసింది. ఆమె మొహంలో ఏదో వెలిగింది. కథ దొరికినప్పుడు వెలిగే వెలుగు అది. సాయిచంద్‌కు ఆ మొహం ఒకటో తరగతి నుంచి తెలుసు.

"ఏంది?" అన్నాడు అనుమానంగా.

"ఇప్పుడు చెప్ప. ఆదివారం రా." సకినాల పొట్లం అరుగు మీద పెట్టింది. రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి వచ్చింది. "బడిల వాళ్లు నవ్విన్రు గద. దానికి కారణం బెంజమిన్ కాదు. నేను."

"తెలుసు," అన్నాడు సాయిచంద్.

"వస్తవా?"

అతను సకినం ఒకటి విరిచి నోట్లో వేసుకున్నాడు. "చూస్త."

*

ఆదివారం వచ్చింది. ఆరాధన అయింది. భోజనాలు అయ్యాయి. వరండాలో నవ్యశ్రీ, బెంజమిన్ ముందే వచ్చి కూర్చున్నారు. సాయిచంద్ రాలేదు.

ఈ వారమంతా షారోన్ ఒక పని చేసింది. బెంజమిన్ ఏ తరగతికి కోట కథ మోశాడో ఆ తరగతికల్లా తనూ వెళ్లి, కథ అక్కడితో అయిపోలేదని, ఆదివారం తర్వాత మిగతాది చెబుతానని అంది. ఇప్పుడు ఆ మిగతా కథకు మనిషి లేడు.

ముగ్గురితోనే ఆడేద్దామని బెంజమిన్ గునిశాడు. తన పహిల్వాన్ ఒక్కడు చాలట.

"ఆగుదాం," అంది షారోన్.

పిచ్చుకలు దిగాయి. నానమ్మ కర్ర లేచింది. పిచ్చుకలు ఎగిరాయి. మళ్లీ దిగాయి.

గేటు దగ్గర చెప్పుల చప్పుడైంది.

సాయిచంద్ వచ్చాడు. కాని పైకెక్కి గుండ్రంగా కూర్చున్నవాళ్ల మధ్య కూర్చోలేదు. కింది మెట్టు మీదే కూర్చున్నాడు. లేవాలనుకుంటే వెంటనే లేచిపోవడానికి వీలుగా.

షారోన్ అట్టముక్కను, వారం కిందట అతను బోర్లించి వెళ్లినదాన్ని, తిప్పి గచ్చు మీద పెట్టింది.

"పోయిన వారం డైస్ ఒకటి అన్నది," అంది అందరితో. "గంత వరకు నిజం. ముడి జారిందని నేనన్న. గది అబద్ధం. అసలేమైందో ఇప్పుడు చెప్త."

గొంతు తగ్గించింది. నవ్యశ్రీ ముందుకు జరిగింది.

"తాళ్ల వీరుడు ముడేసిండు. ఎన్నడు వేసినట్టే వేసిండు. బరువు తాడు మీదేసిండు. ముడి ఇంచు కదల్లే. కని గా కొక్కెం ఉన్నదే, రాక్షసుడు ఎప్పుడో కొట్టించిన కొక్కెం, లోపలంత తుప్పు. గది గోడ నుంచి ఊడి చేతికొచ్చింది. ముడి ఇంక దానికే ఉన్నది. వీరుడు కిందికి జారుతుండు, జారుతుండు... ఒక రాయి అంచు దొరికింది. ఒక్క చేత్తోని పట్టుకొని వేలాడుతుండు. కింద మంట. ఎక్కుడు కాలే, ఓడిండు. కని చావలే."

ఆగింది. మెట్టు వైపు చూసింది.

"ఏం జేస్తవ్?"

కొక్కెం ఊడుతుందా అని సాయిచంద్ ఆలోచించాడు. తుప్పు పడితే ఊడుతుంది. అందులో వంక పెట్టడానికేమీ కనబడలేదు. ఒక మెట్టు పైకి జరిగాడు.

"పెద్ద కొక్కెమేనా?"

"నీ మోచెయ్యంత."

ఇంకో మెట్టు జరిగాడు.

అంతలో గబ్బిలాలు మీద పడ్డాయి. షారోన్ ఎవరినీ ఊపిరి తీసుకోనివ్వలేదు. నవ్యశ్రీ బాణం ఎక్కుపెట్టి డైస్ వేసింది. ఇరవై. కొట్లాటలో ఇరవై పడితే లెక్కలొద్దు, ఆ రూలు ఇంకా ఉంది. ఒక్క బాణానికి మూడు గబ్బిలాలు మాలలా గుచ్చుకుని కందకంలో పడ్డాయి. నవ్యశ్రీ తొడ చరిచింది.

బెంజమిన్ ఆగలేకపోయాడు. "నేను కోట మొత్తం పీకి బోర్లేస్త. డైస్ ఇయ్యి."

"కోట పీకుడు మనిషితోని కాదు," అంది షారోన్.

"ఇరవై పడితె?"

"ఇరవై పడ్డా కాదు. కానిదానికి డైస్ లేదు. పహిల్వాన్‌వు గద, నీతోని అయ్యేది చెప్పు."

రెండు వారాల కిందట తలుపు తోసిన చిటికెన వేలిని బెంజమిన్ దిగులుగా చూసుకున్నాడు. కాసేపు గునిశాడు. తర్వాత నిజంగానే ఆలోచించడం మొదలుపెట్టాడు. అందరికీ అదే కొత్తగా ఉంది. "నేను గోడ పైన ఉన్న గద," అన్నాడు చివరికి. "నా నడుముకు గొలుసున్నది. కింద పడుకొని గొలుసు వేలాడేస్త. వానికి అందుతదా?"

"డైస్ వెయ్యి."

పదకొండు. బలం కలిపితే సరిపోయింది. గొలుసు తాళ్ల వీరుడి తలకు మూరెడు దూరంలో ఆగింది.

"మూరెడు తక్కువైంది," అంది షారోన్. "రాయి అంచు పగులుతున్నది. ఇసుక రాలుతున్నది. సాయిచంద్, గొలుసు నీకందదు. ఏం జేస్తవ్?"

సాయిచంద్ ఇప్పుడు వరండా పైకి వచ్చేశాడు. ఎప్పుడు వచ్చాడో అతనికే తెలియదు. మోకాళ్ల మీద కూర్చుని, ఒక చేయి నిజంగానే పైకెత్తి రాయి అంచు పట్టుకున్నట్టు బిగించాడు.

"ఊడిన కొక్కెం నా తాడుకే ఉన్నది గద? దాన్ని విసిరి గొలుసుల ఇరికిస్త. ఇంకో కొసను నా నడుముకు ముడేసుకుంట. ఒక్క చేత్తోని."

కొక్కెం విసరడానికి డైస్ వేశాడు. పద్నాలుగు. కొక్కెం గొలుసులో చిక్కుకుంది. ఇక ముడి మిగిలింది.

సాయిచంద్ మళ్లీ డైస్ వైపు చేయి చాచాడు. బెంజమిన్ నోరు మూసుకున్నాడు. నవ్యశ్రీ కళ్లు మూసుకుంది.

షారోన్ డైస్ మీద అరచేయి పెట్టింది.

"వేసేది ముడే గద?"

"ముడే."

"నువ్వేసే ముడికి డైస్ ఎందుకు?" డైస్‌ను గుప్పిట్లోకి తీసుకుంది. "వెయ్యి."

సాయిచంద్ ఆమె వంక చూశాడు. తర్వాత చొక్కా జేబులోంచి రెండు పోగు ముక్కలు తీశాడు. కుడిచేయి పైనే ఉంది, రాయి అంచు వదల్లేదు. ఎడమచేతి వేళ్లు మాత్రమే కదిలాయి. ముందుకు, వెనక్కు, లోపలికి. ముడిని అందరి మధ్యా గచ్చు మీద పెట్టాడు.

బెంజమిన్ దాన్ని తీసుకుని గుంజాడు. పళ్లు బిగించి గుంజాడు. పోగు చివర పుటుక్కుమంది. ముడి అలాగే ఉంది.

"జారలే," అన్నాడు బెంజమిన్ చిన్నగా.

"రేపు గిది కూడ తరగతి తరగతికి చెప్పు," అంది షారోన్. మళ్లీ గొంతు తగ్గించింది. "రాయి అంచు పగిలింది. వీరుడు గాలిల ఊగిండు. తాడు బిగుసుకున్నది. పైన పహిల్వాన్ ఒక్కొక్క మూర గుంజుతుండు. గోడ మీదికి ముందుగాల రెండు చేతులొచ్చినయ్. తర్వాత తల. గప్పుడు ముగ్గురు ఒక్కసారే లోపలికి చూసిండ్రు. కోట నడిమిట్ల..."

"నడిమిట్ల ఏమున్నది?"

అడిగింది నవ్యశ్రీ కాదు. బెంజమిన్ కూడా కాదు. నలుగురూ వెనక్కి తిరిగారు. మగ్దలేనమ్మ కుర్చీని వరండా అంచుదాకా జరుపుకుని, కర్ర ఒళ్లో పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి వింటోంది. ఆమె వెనక ఆవరణలో పిచ్చుకలు హాయిగా వడ్లు తింటున్నాయి.